మిద్దె మీద చౌడు

కడప జిల్లా వేముల పేరు చెబితే ఇప్పుడు అందరికీ తుమ్మలపల్లె యురేనియమే గుర్తొస్తుంది. 2007లో శంకుస్థాపన జరిగి, 2012లో ఉత్పత్తి మొదలైన గని అది. అంతకుముందు ఈ మండలానికి పేరు తెచ్చింది ముగ్గురాయి. పక్కనే పులివెందుల కొండల్లో రాతినార (ఆస్‌బెస్టాస్) తవ్వేవాళ్లు. వీటన్నిటికీ లీజులున్నాయి, లెక్కలున్నాయి, ప్రభుత్వ నివేదికలున్నాయి. ఇదే సీమలో జనం తరతరాలుగా తమ ఇళ్ల కోసం గంపలకెత్తుకున్న మన్ను ఒకటుంది. దాన్ని గురించి రాసినవాళ్లు తక్కువ. అది చౌడు.

రాయలసీమ పల్లెల్లో పాత ఇల్లంటే మిద్దె. రాయీ బురదమన్నూ కలిపి లేపిన మందపాటి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు. దంతెల మీద కర్రలో, పలకలో, దొరికినచోట నాపబండలో పరిచేవాళ్లు. ఆపైన ఆకూ అలమూ, దాని మీద తొక్కిన బురదమన్ను, అన్నిటికీ పైన చౌడు. వెలుతురు రావడానికీ, పొగ పోవడానికీ కప్పులో గవాక్షి. వాన నీళ్లు గోడ మీద పడకుండా దూరంగా దూకడానికి రాతి దోనె. ఎండాకాలం ఇలాంటి ఇంట్లో పగలు కాస్త నడుం వాల్చినవాళ్లకు ఆ చల్లదనం ఏమిటో తెలుసు. కలిగినవాళ్లు గానుగ సున్నంతో పైకప్పు వేయించుకున్నారు. మిగతా ఊరంతటికీ చౌడే దిక్కు.

ఇల్లు కట్టడానికి వడ్రంగి కావాలి, రాతిపని తెలిసినవాళ్లు కావాలి. కట్టిన ఇంటిని నిలబెట్టుకునేది మాత్రం ఇంట్లోవాళ్లే. ఎండలు ముదిరాక వంకల వెంబడి, పంట పండని బీళ్లలో నేల మీద తెల్లగా పొక్కు లేస్తుంది. అడుగు వేస్తే మెత్తగా దిగబడుతుంది. ఆ పై మన్నునే పారతో గీకి, బండికెత్తి ఇంటి ముందు కుప్ప పోసుకునేవాళ్లు. తొలకరి లోపల పని ముగియాలి. మొదట మిద్దె మీద మొలిచిన గడ్డిని వేళ్లతో సహా పీకాలి. ఎలుకలు, చీమలు చేసిన బొక్కలు వెతికి పూడ్చాలి. పెళ్లలు లేచినచోట గీకి చదును చేయాలి. ఆ తర్వాత ఒకరు కింది నుంచి గంప అందిస్తుంటే, ఒకరు నిచ్చెన మీద అందుకుంటే, పైనున్నవాళ్లు దోనె వైపు వాలు చూసుకుంటూ పలచగా, సమంగా చల్లుకుంటూ పోతారు. పిట్టగోడ మొదట్లో, గవాక్షి చుట్టూ మాత్రం మందంగా పోసి కాలితో అణచాలి. కప్పు ఉరిసేది ఎక్కువగా అక్కడే. చల్లిన పొడి మన్ను మొదటి వానకు తడిసి, ఆరి, గట్టిపడుతుంది.

మన్ను నీళ్లను ఎలా ఆపుతుందన్నది అడగాల్సిన ప్రశ్నే. చౌడులో సోడియం ఎక్కువ. మట్టిరేణువులు పట్టి ఉంచుకునే లవణాంశాల్లో సోడియం వాటా 15 శాతం దాటి, ఉదజని సూచిక 8.5కు మించితే ఆ నేలను క్షార నేల అంటారు. అలాంటి మట్టి తడవగానే రేణువులు ఒకదాన్నొకటి వదిలేస్తాయి. విడిపోయిన సన్నని బంకమట్టి రేణువులు కింది సందుల్లో దూరి వాటిని మూసేస్తాయి. ఇక నీరు దిగదు, పైపైన జారిపోతుంది. రైతుకు చౌడు శాపం కావడానికి కారణం ఇదే. విత్తనం మొలవదు, వేరు దిగదు, పడిన వాన ఇంకదు. అందుకే పొలంలో జిప్సం వేసి సోడియాన్ని వెళ్లగొట్టమంటారు. పొలంలో తిట్టుకున్న ఆ గుణాన్నే మిద్దె మీదికి ఎక్కించి పనిలో పెట్టారు మన పెద్దలు. కలుపు మొలవకుండా ఉండడానికీ ఆ ఉప్పే సాయపడింది. ప్రయోగశాల లేకుండా, చూపుతోనూ కాలి స్పర్శతోనూ పట్టుకున్న తెలివి అది. దాన్ని పేదరికపు గుర్తుగా చూడడం అన్యాయమని నా అభిప్రాయం.

ఇలాంటి తెలివి మన సీమ ఒక్కదానిదే కాదు. స్పెయిన్‌లో గ్రనడా దగ్గర అల్పుహర్రా కొండల్లో కపిలైరా, పంపనైరా లాంటి ఊళ్లున్నాయి. అక్కడ చెస్ట్‌నట్ దూలాలు వేసి, రాతిపలకలు పరిచి, వాటి మీద లౌనా అనే బూడిదరంగు బంకమట్టి పోస్తారు. తడిస్తే నీటిని దిగనివ్వని మట్టి అది. టర్కీ, పాలస్తీనా పల్లెల్లో వాన పడ్డాక మట్టి కప్పును అణచడానికి రాతి రోలర్‌ను మిద్దె మీదే ఉంచుకునేవాళ్లు. వాన తక్కువ, ఎండ ఎక్కువ, కలప అరుదు అయినచోట మనుషుల బుర్ర ఒకే దారిన నడిచింది.

అయితే కడప జిల్లాకు వాన రెండు విడతలుగా వస్తుంది. నైరుతి జల్లులు కురిసి వెళ్లాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల ముసురు పడుతుంది. జడివానను మిద్దె తట్టుకుంటుంది. దాన్ని దెబ్బతీసేది రోజుల తరబడి వదలని ముసురే. అర్ధరాత్రి నట్టింట్లో చుక్క పడిందంటే సత్తుగిన్నెలు, తప్పేళ్లు వరసగా కిందికి చేరతాయి. "ఒరే అబ్బీ, మిద్దె ఉరుస్తాంది, ఎక్కి చూడుపో" అన్న కేక ఆ పల్లెల్లో పెరిగినవాళ్లందరికీ ఎరుకే. దానికోసమే ఇంట్లో ఒక మూల రెండు గంపల పొడి చౌడు తడవకుండా దాచిపెట్టేవాళ్లు. తలమీద గోనెసంచి కొప్పెర వేసుకుని, పైకెక్కి, నీరు దిగే బొక్కను చేత్తో తడిమి పట్టుకుని, దాని మీద దోసెడు దోసెడుగా పొడి చౌడు పోసి మడమతో తొక్కితే కాసేపటికి చుక్క ఆగుతుంది.

మిద్దెకు ఒక పెద్ద లోపముంది. ప్రతి వానకూ పైపొర కొంత దోనెలోంచి కొట్టుకుపోతుంది. పోయినదానికంటే ఏటా పోసేది ఎక్కువైతే కప్పు మందం పెరుగుతూనే ఉంటుంది. ఘనమీటరు మట్టి బరువు సుమారు 1,600 కిలోలు. పది అడుగులకు పన్నెండు అడుగుల గది మీద అడుగు మందం మన్ను చేరిందంటే ఐదు టన్నులు దాటుతుంది. తడిస్తే ఇంకా ఎక్కువ. కింద దూలాన్ని చెదలు తింటున్న సంగతి పైనుంచి కనిపించదు. ముసురు రోజుల్లో పాత మిద్దెలు కూలి నిద్రలోనే ప్రాణాలు పోయిన వార్తలు రాయలసీమ పత్రికల్లో మనం చదువుతూనే ఉన్నాం. పాత మన్ను దించకుండా కొత్తది పోయడమే చాలాచోట్ల అసలు తప్పు.

1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983 తర్వాత పక్కా ఇళ్లు, 2006 నుంచి ఇందిరమ్మ ఇళ్లు పల్లెల రూపం మార్చాయి. స్లాబు వేసుకున్నవాళ్లను తప్పుపట్టలేం. ఏటా నిచ్చెన ఎక్కే ఓపికా, మనుషులూ ఇప్పుడు ఏ ఇంట్లో ఉన్నారు? నాపరాయి మాత్రం నిలబడింది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు గనుల బండలు గచ్చుగా, వంటగట్టుగా, నీళ్లతొట్టిగా ఇంటింటా ఉన్నాయి. ఈ ప్రాంతపు సున్నపురాళ్లను 1872లోనే విలియం కింగ్ తన భూగర్భ నివేదికలో వర్ణించాడు. ఆ సున్నపురాయే ఇప్పుడు ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటవుతోంది.

స్లాబుకు డబ్బు చాలనివాళ్లు మిద్దె దించేసి సిమెంటు రేకులు వేసుకున్నారు. పాత రేకుల్లో ఉండేది పులివెందుల కొండల్లో దొరికిన రాతినారలాంటిదే. 1986లో కేంద్రం దానికి కొత్త గని లీజులు ఇవ్వడం ఆపింది. ఆ నార ధూళి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. చౌడు గంప మోసిన చేతులతోనే ఆ రేకులను కోసుకుంటున్నాం, బెజ్జాలు వేసుకుంటున్నాం. పాత రేకును ఎండుగా కోయకండి, రంపం పెట్టకండి. విప్పక తప్పకపోతే నీళ్లతో తడిపి, పగలకుండా దించండి.

ఇంకా మిద్దె ఇంట్లోనే ఉంటున్నవాళ్లకు ఒక మనవి. ఈసారి చౌడు పోసేముందు పాత మన్ను ఎంత మందముందో ఒకచోట తవ్వి చూడండి. ఎక్కువుంటే దించేయండి. దూలం గోడలో దిగే చోట గునపంతో పొడిచి చూడండి, మొన దిగబడితే ఆ దూలం మార్చేదాకా కింద గుంజ నిలబెట్టండి. ముసురు పట్టి గోడ ఉబ్బినా, దంతె చప్పుడు చేసినా ఆ రాత్రికి పిల్లలనూ పెద్దవాళ్లనూ తీసుకుని పక్కింట్లో పడుకోండి.