గోదావరీ ఉష్ణగుండములును ఛాయాగ్రహణమును

జనగామ నుండి తూర్పుగా పయనించు బాటసారి కాలిక్రింది నేల మూడు రూపులు దాల్చును. జనగామ పరిసరములందు పురాతనమైన గ్రానైటు బోడిగుట్టలు; మహబూబాబాదు దాటి బయ్యారము చేరునప్పటికి ఇనుపరాయి గల పాకాల శిలాశ్రేణి; భూపాలపల్లి యడవులలో ఇసుకరాతి గుట్టలును, సింగరేణివారు త్రవ్వుచున్న బొగ్గుపొరలును కానవచ్చును. ఈ బొగ్గుపొరల పట్టీ గోదావరి వెంబడి ఆగ్నేయముగా సాగి మణుగూరు, భద్రాచల ప్రాంతములకు చేరినచోట భూగర్భమునందలి యుష్ణము నీటి రూపమున బయల్పడుచున్నది. ఇచ్చట అగ్నిపర్వతము లేదు. వాననీరే భ్రంశముల వెంట లోతునకు దిగి, కిలోమీటరునకు సుమారు 25 నుండి 30 డిగ్రీల చొప్పున హెచ్చు భూతాపమున కాగి, మరల పైకి ఉబుకుచున్నది. భద్రాచలమునకు చేరువనున్న గుండాల యొద్ద ఏటియొడ్డున ఇసుకలో గుంట త్రవ్వినచో వేడినీరూరును. శీతకాలమున త్రిమూర్తులచ్చట స్నానమాడిరని జనశ్రుతి.

1871వ సంవత్సరము ఈ కథకు రెండు విధముల ముఖ్యమైనది. ఆ యేట భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగు ఇల్లందు సమీపమున బొగ్గు కనుగొనెను. ఆ యేటనే అమెరికాలో హేడెన్ నాయకత్వమున సాగిన సర్వే బృందముతో పోయిన విలియం హెన్రీ జాక్సన్, యెల్లోస్టోనునందలి మామత్ ఉష్ణగుండముల సున్నపుమెట్లకు ఛాయాచిత్రములు తీసెను. నాటి పద్ధతిలో గాజుపలకకు కొలోడియను పూసి, వెండిలవణపు ద్రావణమున ముంచి, ఆ తడి యారకమునుపే చిత్రము తీసి, ప్రక్కనే వేసికొన్న చీకటి గుడారములో దానిని కడిగి స్థిరపరుపవలసి యుండెను. జాక్సన్ 160 ఫారన్‌హీటు డిగ్రీల ఊటనీటితోనే పలకలను కడుగగా, అవి ఆరుటకు పట్టు కాలము సగమునకు పైగా తగ్గెను. ఆ చిత్రములు శాసనసభ్యులకు చూపబడెను; 1872 మార్చి 1న యెల్లోస్టోను జాతీయోద్యానవనమైనది.

న్యూజీలాండునందలి గులాబి, శ్వేత సోపానముల విధి వేరు. వేడినీటిలో కరిగియున్న సిలికా పొరలుపొరలుగా పేరుకొని యేర్పడిన ఆ మెట్లు, 1886 జూన్ 10న తారవేరా అగ్నిపర్వతము ప్రేలుటతో కనుమరుగయ్యెను. చార్లెస్ స్పెన్సర్, బర్టన్ సోదరులు మొదలగువారు తీసిన పలకలే నేడు వాని యాకృతికి సాక్ష్యము. అయినను నాటి పలకలు ఎరుపును గ్రహింపలేనివి. గులాబి వన్నె తెలియగోరువారు చార్లెస్ బ్లోమ్‌ఫీల్డు వర్ణచిత్రముల నాశ్రయింపవలసినదే.

ఆ కాలమున హైదరాబాదు సంస్థానమున ఛాయాగ్రహణమునకు కొరత లేకుండెను. రూర్కీ థామసన్ కళాశాలలో చదివిన లాలా దీనదయాళు, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖానునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడై రాజా బిరుదమందెను. 1889 నాటికి వరంగల్లు, మహబూబాబాదు, డోర్నకల్లుల మీదుగా బెజవాడకు రైలుమార్గము పడినది. 1902లో వైస్రాయి కర్జను పులులవేటకై ఆ మార్గముననే యున్న నెక్కొండకు రాగా, ఆ వేట చిత్రములు దీనదయాళు పేరనే వెలసినవి. కెమెరా పోషకుని వెంట నడచెను. పోషకుడు పులికొరకు పోయెను. ఉష్ణగుండములను గూర్చి వ్రాసిపెట్టిన శ్రమ మాత్రము భూవిజ్ఞానులది. ప్రాణహిత, గోదావరి లోయను గూర్చిన కింగు గ్రంథము 1881లోను, థామస్ ఓల్డుహాము సమకూర్చిన భారతీయ ఉష్ణగుండముల పట్టిక ఆయన మరణానంతరము కుమారునిచే పరిష్కృతమై 1882లోను వెలువడినవి.

గోదావరీ ఉష్ణగుండములు ఛాయాచిత్రములకెక్కకుండుటకు పోషకుల యుపేక్షయే కాక ప్రకృతిసిద్ధమైన కారణమును కలదు. భూపాలపల్లి చెంతనున్న పాండవుల గుట్టలవంటి రాతికొండ, ఛాయాగ్రాహకుడు ఎన్నేండ్లకు పోయినను అచ్చటనే యుండును. మెట్లు కట్టవలెనన్న లవణభరితమైన నీరు ఒకేచోట చిరకాలము పారవలెను. గుండాలలోని యూట ఇసుకలో పుట్టును. వరద వచ్చి గుంటను పూడ్చును. నది తగ్గిన పిదప మరియొక గుంట త్రవ్వబడును. అట్టి జలమునకు గొప్ప చిత్రమొక్కటి చాలదు. ఏటేట వరద తీసిన పిదప ఒకే తావున నిలిచి, తేదీయు ఉష్ణోగ్రతయు వ్రాసిపెట్టి తీసిన చిత్రముల వరుస కావలెను. మణుగూరు చెంత పగిడేరులో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక భూతాప విద్యుత్కేంద్రమును చేపట్టినందున ఈ వేడినీరు ఇప్పటికే యంత్రముల లెక్కలోనికి వచ్చినది. యంత్రము వచ్చుటకు ముందు ఊట యెట్లుండెనని రేపటివారు అడిగినప్పుడు చూపుటకు మనయొద్ద నేమైన నుండవలెనన్న, ఆ వరుసకు మొదటి చిత్రము ఈ యేటనే తీయవలెను.