డయాలసిస్ పేషెంట్లకు అలర్ట్.. ఎముకల్లో ఉండాల్సిన కాల్షియం రక్తనాళాల్లోకి! హార్మోన్లు గాడి తప్పితే గుండెకే ముప్పు

డయాలసిస్ చేయించుకునేవారి ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నది గుండె జబ్బులే. రక్తనాళాల గోడల్లో కాల్షియం పేరుకుపోయి గట్టిపడటం ఇందుకు ఒక ముఖ్య కారణం. అలాగని కాల్షియం ఎక్కువ తినడం వల్లే ఇలా జరుగుతుందనుకుంటే పొరపాటే. అసలు గొడవంతా హార్మోన్లతోనే.

హార్మోన్ల లెక్క ఎక్కడ తప్పుతుంది?

కిడ్నీల పని వడపోత ఒక్కటే కాదు. అదనపు ఫాస్పరస్‌ను మూత్రంలో పంపేది అవే.. విటమిన్ డిని ఒంటికి పనికొచ్చే రూపంలోకి మార్చేదీ అవే. కిడ్నీలు దెబ్బతిని ఫాస్పరస్ బరువు పెరగ్గానే ఎముకల నుంచి ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్ ఎక్కువగా విడుదలవుతుంది. ఫాస్పరస్‌ను బయటకు పంపించడం దీని పని. కానీ ఇదే హార్మోన్ విటమిన్ డి తయారీని తగ్గించేస్తుంది. దాంతో పేగులు కాల్షియాన్ని సరిగా పీల్చుకోలేవు.

రక్తంలో కాల్షియం తగ్గితే మెడలో థైరాయిడ్ వెనుక ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు వెంటనే పసిగడతాయి. బియ్యపు గింజంత ఉండే ఈ నాలుగు గ్రంథులు పీటీహెచ్ అనే హార్మోన్‌ను అదే పనిగా వదులుతాయి. అది ఎముకల్లోని కాల్షియం, ఫాస్పరస్‌లను లాగి రక్తంలో కలిపేస్తుంది. ఎముకలు గుల్లబారతాయి.. రక్తనాళాలు గట్టిపడతాయి.

నాళమే ఎముకలా మారితే..

ఫాస్పరస్ ఎక్కువైతే రక్తనాళాల గోడల్లోని కండర కణాలు తమ స్వభావం మార్చుకుని ఎముక కణాల్లా పనిచేయడం మొదలుపెడతాయి. కొలెస్ట్రాల్ పూడిక నాళం లోపలి పొరలో వస్తుంది. కిడ్నీ పేషెంట్లలో మధ్య పొర కూడా గట్టిపడుతుంది. సాగే గుణం పోయిన నాళాల్లోకి రక్తం పంపాలంటే గుండె మరింత కష్టపడాలి. పై బీపీ పెరుగుతుంది. గుండె ఎడమవైపు కండరం మందమై, చివరకు హార్ట్ ఫెయిల్యూర్ వరకూ వెళ్లొచ్చు.

చిన్న వయసులోనూ..

2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో 20 నుంచి 30 ఏళ్ల వయసున్న 16 మంది డయాలసిస్ పేషెంట్లను పరీక్షిస్తే 14 మందికి గుండె ధమనుల్లో కాల్షియం కనిపించింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పనిచేసే వయసులోనే కిడ్నీలు పాడవుతున్నాయి కాబట్టి, ఈ ముప్పు ముసలివాళ్లదే అనుకోవడానికి లేదు.

పీటీహెచ్ బాగా తగ్గినా ప్రమాదమే

రిపోర్టులో పీటీహెచ్ 'హై' అని కనిపించగానే కంగారు పడక్కర్లేదు. డయాలసిస్ పేషెంట్లలో ఇది ల్యాబ్ గరిష్ఠ పరిమితికి 2 నుంచి 9 రెట్ల మధ్య ఉండేలా చూడాలని అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మందులతో మరీ తగ్గిస్తే ఎముకలు మందగించి కాల్షియాన్ని తీసుకోవు. అప్పుడు కూడా అది రక్తనాళాల్లోకే చేరుతుంది.

ఏం చేయాలి?

రోజుకు 1000 మిల్లీగ్రాముల ఫాస్పరస్ తింటే సగానికి పైగా రక్తంలో కలుస్తుంది. అంటే వారానికి దాదాపు 4000 మిల్లీగ్రాములు. ఒక్కో డయాలసిస్‌లో పోయేది సుమారు 800. వారానికి మూడుసార్లు చేయించుకున్నా ఇంకా బోలెడు మిగిలిపోతుంది. అందుకే..

* ఫాస్ఫేట్ బైండర్ మాత్రలు భోజనంతో పాటే వేసుకోవాలి. తిన్న గంటకో రెండు గంటలకో వేసుకుంటే ఫలితం ఉండదు.
* కోలా డ్రింకులు, ప్యాకెట్ ఫుడ్, ప్రాసెస్ చేసిన మాంసం మానేయాలి. వాటిలో కలిపే ఫాస్ఫేట్ దాదాపు మొత్తం ఒంటికి పడుతుంది.
* ఎముకలు నొప్పిగా ఉన్నాయని సొంతంగా కాల్షియం, విటమిన్ డి మాత్రలు కొనుక్కోవద్దు.
* డయాలసిస్ సెషన్ ఎగ్గొట్టవద్దు, మధ్యలో ఆపించుకోవద్దు.
* కాల్షియం, ఫాస్పరస్, పీటీహెచ్ రిపోర్టులు వరుసగా దాచిపెట్టుకోవాలి. ఒక్క అంకె కంటే అది పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే డాక్టర్‌కు ముఖ్యం.

నాళాల్లో కాల్షియం ఉందో లేదో పక్క నుంచి తీసే పొట్ట ఎక్స్‌రేలో తెలుసుకోవచ్చు. గుండె కవాటాల్లో ఉంటే ఎకో పరీక్షలో కనిపిస్తుంది. పేరుకుపోయినదాన్ని కచ్చితంగా కరిగించే మందు ఇప్పటికైతే లేదు. కాబట్టి పేరుకోకుండా చూసుకోవడమే మేలు. మందుల్లో ఏ మార్పు చేయాలన్నా నెఫ్రాలజిస్ట్‌ను అడిగాకే చేయాలి.