కడుపు చించుకుంటే...

“కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది” అని మన సామెత. ఇంటిగుట్టు బయటపెట్టుకుంటే మనకే నగుబాటని తాత్పర్యం. ఈ నీతిని మనవాళ్ళు జబ్బులకు కూడా అన్వయించుకున్నారు. రాచపుండు పేరెత్తితే ఇంటిల్లిపాదీ గొంతు తగ్గించి మాట్లాడుకున్న రోజులు నాకు తెలుసు. ఆ గోప్యతవల్ల మరింత నష్టం చేసే జబ్బు ఒకటుంది. అన్నవాహిక వచ్చి జీర్ణాశయంలో కలిసేచోట పుట్టే అరుదైన క్యాన్సర్ అది.

తెలుగు పండితుణ్ణి గనుక నాకు ఆ చోటు ఒక సంధిలాగే తోస్తుంది. అన్నవాహిక పూర్వపదం, జీర్ణాశయం పరపదం. రెండింటి లోపొరలూ వేరువేరు. జీర్ణాశయంలోని ఆమ్లం ఏళ్ళతరబడి పైకి ఎగదన్నుతూ ఉంటే కొందరిలో అన్నవాహిక లోపొర స్వభావం మారుతుంది. ఆ మారిన పొరలో ఎవరికో కొద్దిమందికి క్యాన్సర్ పుడుతుంది. పొగతాగడం, స్థూలకాయం దానికి తోడ్పడతాయి.

ఇది పైదాని జబ్బా, కిందిదాని జబ్బా అని వైద్యులు చాలాకాలం వాదించుకున్నారు. 1987లో జర్మన్ శస్త్రవైద్యుడు సీవర్ట్ దీన్ని మూడు తెగలుగా విభజించాడు. సంధికి పైన 1 నుండి 5 సెంటీమీటర్ల మధ్య ఉంటే మొదటిది. 1 సెంటీమీటరు పైనుండి 2 సెంటీమీటర్ల కిందివరకు రెండవది. అసలైన సంధిస్థానం ఇదే. అక్కడినుండి 5 సెంటీమీటర్ల కిందివరకు మూడవది. ఇది వట్టి పాండిత్యచర్చ కాదు. ఛాతీ తెరవాలా, ఉదరం తెరిస్తే చాలునా అని నిర్ణయించడానికి ఈ విభజన ఎంతో ఉపకరించింది.

అసలు ఛాతీ తెరవడమే ఒకప్పుడు సాహసం. 1913లో న్యూయార్కులో టోరెక్ అనే వైద్యుడు ఒక స్త్రీకి అన్నవాహికలోని క్యాన్సర్ భాగాన్ని తొలగించాడు. తెగిన కొసలను లోపల కలపలేక, మెడనుండి జీర్ణాశయానికి శరీరం వెలుపల రబ్బరు గొట్టం అమర్చాడు. ఆమె ఆ గొట్టంతోనే భుజిస్తూ దశాబ్దానికి పైగా జీవించింది! ఛాతీలోపలే అన్నవాహికను జీర్ణాశయంతో కలిపి కుట్టడం 1938లో షికాగోలో ఆడమ్స్, ఫెమిస్టర్ సాధించి చూపారు. నేడు శస్త్రచికిత్సకు ముందూ తర్వాతా మందులిచ్చే పద్ధతి స్థిరపడింది. అయితే రోగి వేళకు వస్తేనే ఇవన్నీ అక్కరకు వచ్చేది.

ఇక్కడ ఫిల్మ్ నగర్ పరిసరాల కథ ఒకటి చెప్పుకోవాలి. 1974లో గుండెకు శస్త్రచికిత్స చేయించుకున్న అక్కినేని నాగేశ్వరరావు, ఆ తర్వాత రెండేళ్ళలోనే ఈ రాళ్ళగుట్టల మీద అన్నపూర్ణ స్టూడియోను నిలబెట్టారు. 1981లో వచ్చిన ‘ప్రేమాభిషేకం’లో ఆయన పాత్రకు క్యాన్సర్. నాయకుడు ఆ సంగతి దాచి, ప్రేయసి తనను అసహ్యించుకొనేటట్లు చేసుకుంటాడు. జనం కన్నీరుమున్నీరయ్యారు. జబ్బును దాచడమే త్యాగమని ఆ కథ మనల్ని నమ్మించింది.

ఆ చిత్రం వచ్చిన 32 ఏళ్ళకు, 2013 అక్టోబరులో, దాదాపు తొంభై ఏళ్ళ వయసులో అదే నటుడు విలేకరులను పిలిచి తనకు క్యాన్సర్ వచ్చిందని తానే చెప్పారు. పత్రికలు ఒకచోట కడుపు క్యాన్సరనీ, మరొకచోట పేగు క్యాన్సరనీ రాశాయి. మన భాషలో కడుపు అన్నిటికీ కడుపే కదా! 2014 జనవరి 22న ఆయన కన్నుమూశారు. ఆఖరి చిత్రం ‘మనం’ ఆ మే నెలలో విడుదలైంది. అందులోని మాటలను జబ్బుతో ఉండగానే ఇంట్లోనుండి తానే చెప్పారు.

నా దృష్టిలో ప్రేమాభిషేకంలోని త్యాగంకంటె ఆ విలేకరుల సమావేశం గొప్పది. నటుడు చెప్పుకోగలిగినది మనింటి పెద్దలు చెప్పుకోలేరా? మనం చెప్పుకుంటున్న సంధి క్యాన్సర్ మొదట ముద్ద దిగకపోవడంగా కనబడుతుంది; అన్నం అడ్డుపడుతుంది, పిదప నీళ్ళు కూడా. మనిషి చిక్కిపోతాడు. “గ్యాసు” అనుకుని సోడా తాగుతూ, పిల్లలకు చెప్పడమెందుకని ఊరుకుంటే పుండు పెరుగుతుంది. గొట్టం వేసి చూసే ఎండోస్కోపీ నిమిషాల పని. కనుక ముద్ద దిగనినాడు, సామెతను కాస్త పక్కనబెట్టి, ఇంట్లో చెప్పండి.