కొమీజా రేవు – నడిసముద్రపు పందెము



దేశపటములో ఇటలీదేశము ఒక కాలివలె సముద్రములోనికి చాగియుండుటను మీలో పలువురు చూచియుందురు. ఆ కాలికి తూర్పున నున్న యిరుకైన సముద్రమును ఏడ్రియాటిక్ అందురు. దాని యావలి యొడ్డు క్రొయేషియా దేశము. ఆ యొడ్డునకు దూరముగా వీస్ అను ద్వీపము కలదు. వైశాల్యము సుమారు 90 చదరపు కిలోమీటర్లు. దాని పడమటి వైపున నున్న బెస్తవారి రేవు కొమీజా. గత వేసవిలో నేను కొందరు మిత్రులతో గూడి తెరచాప నావలో విహారమునకు బోయి, ఆ రేవున రెండు దినములుంటిని. విహారమునకు బోయి వచ్చినవాడు చెప్పు కబుర్లు సామాన్యముగా ఎండను గూర్చియు, తిండిని గూర్చియు నుండును. నేను తెచ్చినది ఒక పందెపు కథ.

మేము ప్రొద్దుగ్రుంకు వేళకు రేవు చేరితిమి. ఊరి వెనుక హూమ్ అను కొండ 587 మీటర్ల యెత్తున గోడవలె నిలిచియున్నది. రాతియిండ్లు నీటి యంచువరకు దిగివచ్చినవి. వాని చెంత, వెనిస్ నగరమువారి యేలుబడిలో 1585లో కట్టిన బురుజు. గట్టున కట్టియున్న పడవలలో చాలభాగము మా దానివంటి విహారనౌకలే. ముందు వచ్చినవారు మంచి చోట్లన్నియు పట్టుకొనియుండిరి. మేము త్రాడు కట్టుటకు చోటు దొరకక గంటసేపు తిరుగాడితిమి. నేను విసుగుకొనగా మా చుక్కాని పట్టిన ముసలివాడు నవ్వి, "అయ్యా, చోటుకొరకే ఈ యూరివారు తరతరములుగా ప్రాణములొడ్డిరి" అనెను. ఆ మాట నాకప్పుడు బోధపడలేదు.

కొమీజావారికి భూమి తక్కువ. కొండ చరియలపై ద్రాక్షతోటలు, కొన్ని ఒలీవ చెట్లు, అంతియే. వారి పంట సముద్రములో నుండెను. ఆ పంట సార్డీను చేప, మన తీరమున కవళ్ళు అనువాని జాతిది. అది గుంపులుగా తిరుగును, వెలుగును చూచి పైకి వచ్చును. కావున వేట చీకటి రాత్రులలోనే సాగవలెను. మన బెస్తలవలెనే వారును చంద్రుని చూచి దినములెంచుకొనెడివారు. వెన్నెల తరిగి చీకటి బలియు రాత్రులే వారికి పైరు కోతల దినములు. పడవ చివర ఇనుప పొయ్యిలో దేవదారు జాతి కట్టెలు మండించి, ఆ మంట వెలుగునకు చేరిన చేపలను వలలతో చుట్టివేసెడివారు.

అయితే మంచి వేట తమ రేవుచెంత లేదు. కొమీజాకు 42 సముద్రపు మైళ్ళ దూరమున, అనగా దాదాపు ఆరామడల యవతల, నడిసముద్రమున పలగ్రూజా అను రాతిదీవి కలదు. పొడవు కిలోమీటరున్నర లోపు. త్రాగుటకు ఊటనీరు లేదు, నివసించుటకు ఊరు లేదు. 1875లో కట్టిన దీపస్తంభము మాత్రము నేటికిని కలదు. ఆ దీవి చుట్టునున్న నీటిలో సార్డీను విస్తారముగా దొరకెడిది. కాని పడవను ఒడ్డునకు లాగుటకును, చేపను ఉప్పువేసి పీపాలలో నింపుటకును, వలలు ఆరవేయుటకును తగిన గులకరాతి తీరము మిక్కిలి చిన్నది. పడవలు అనేకములు, చోటు కొంచెము. ఇదియే చిక్కు.

ఈ చిక్కునకు వారు కనిపెట్టిన పరిష్కారము పందెము. పడవలన్నియు ఒక్క దినమున, ఒక్క గుర్తునకు కొమీజా రేవునుండి బయలుదేరవలెను. ఎవరు ముందు చేరుదురో వారిది మంచి చోటు. 1593లో జరిగిన పందెమున 74 పడవలు పాల్గొనెనని వ్రాతలో నిలిచియున్నది. అప్పుడు వీస్ ద్వీపము హ్వార్ పురమువారి పాలనలోను, ఆ పురము వెనిస్‌వారి యధీనములోను నుండెను.

పడవను గూర్చి కొంచెము చెప్పనిండు, ఏలయనగా ఆ యూరివారి బుద్ధియంతయు దానిలో నున్నది. దానిపేరు గయేతా ఫల్కూషా. పొడవు సుమారు 9 మీటర్లు. మనుషులు ఐదుగురు, తెడ్లు ఐదు, ముక్కోణపు తెరచాప ఒకటి. నిండు సముద్రమున అలలు లోనికి రాకుండ ప్రక్కలు ఎత్తుగా నుండవలెను. వల లాగునపుడును, తెడ్డు వేయునపుడును ప్రక్కలు పల్లముగా నుండవలెను. ఒక పడవకు ఈ రెండును ఎట్లు కుదురును? వారు ప్రక్కలపై అదనపు పలకలను అమర్చి, పనియైనపుడు తీసివేయునట్లు చేసిరి. ఆ పలకలను బట్టియే పడవకు ఫల్కూషా యను పేరు వచ్చినది. గాలి యనుకూలించిన తెరచాప. గాలి నిలిచిన, రేయింబవళ్ళు తెడ్లే. ఉప్పు, ఖాళీ పీపాలు, వలలు, రొట్టె, నీరు, కట్టెలు, అన్నియు ఆ యిరుకులోనే. అంత బరువుతో పందెము వేయుట యెట్టిదో, పంట బండ్లు తోలిన మీరు నాకంటె బాగుగ నెరుగుదురు.

ఇది న్యాయమేనా యని నేనును ఆలోచించితిని. ముదుసలి తండ్రితోను, పసివాడగు కొడుకుతోను తెడ్డు వేయువానికి ఎన్నడు మంచిచోటు దొరకును? దొరకదు. వంతులు వేసికొనుట ఇంతకంటె మేలని మనకు తోచును. మన చెరువుల క్రింద నీరు పారించుకొనుట వంతులచేతనే గదా. అయినను ఒక్క సంగతి గమనింపదగినది. ఆ చోటు వంశముచే వచ్చునది కాదు, సొమ్ముతో కొనునది కాదు. ఈ యేడు గెలిచినవాడు వచ్చు నేడు మరల తెడ్డు వేయవలసినదే. బీదవాడు కోరుకొనదగిన పద్ధతి యిదియే యేమో. నాకు నిశ్చయము లేదు.

ఏలికలు మారినను ఆ పందెము సాగెను. వెనిస్ రాజ్యము 1797లో కూలెను. తరువాత ఆస్ట్రియావారు, ఫ్రెంచివారు, కొంతకాలము ఇంగ్లీషువారు, మరల ఆస్ట్రియావారు ఆ ద్వీపము నేలిరి. 1811లోను 1866లోను ఆ నీటిపై పెద్ద నౌకాయుద్ధములు జరిగెను. బెస్తవారు చీకటి రాత్రులు లెక్కించుకొనుచునే యుండిరి. పందెమును చంపినది యంత్రము. మోటారు పడవ వచ్చిన పిదప తెడ్డువాని బలమునకును, తెరచాప కట్టువాని నేర్పునకును విలువ లేకపోయెను. 1936 తరువాత వేటకై ఆ పందెము జరుగలేదు.

అంతకు ముందే ఊరు ఖాళీయగుట మొదలైనది. ద్రాక్షతోటలకు తెగులు సోకెను. పడుచువారు అమెరికాకు వలసపోయి, కాలిఫోర్నియాలోని సాన్ పెద్రో రేవున వేటాడిరి. కొమీజాలో 1882లో పుట్టిన మార్టిన్ బొగ్దనోవిచ్ అనునతడు 1917లో అచ్చట సార్డీను కర్మాగారమును స్థాపించెను. అదియే తరువాత స్టార్‌కిస్ట్ అను ప్రసిద్ధ సంస్థ యయ్యెను. కొమీజాలోని చేపల కర్మాగారములు మూతబడినవి. రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట ద్వీపము యుగోస్లావియా సైన్యపు స్థావరమై, 1989 వరకు పరదేశీయులకు ప్రవేశము లేకుండెను. విహారనౌకలు వచ్చుట అటుతరువాతి మాట.

చిట్టచివరి పాత ఫల్కూషా 1986లో తుఫానున పగిలెను. దాని శకలములను మేము బురుజులోని బెస్తవారి ప్రదర్శనశాలలో చూచితిమి. దానినిబట్టి ఆ యూరివారు 1997లో క్రొత్తదానిని కట్టి, మరుసటి యేడు లిస్బన్ నగరపు ప్రపంచప్రదర్శనకు పంపిరి. ఇప్పుడు తెరచాపల పందెము మరల జరుగుచున్నది. కాని గెలిచినవానికి ఒడ్డున ఉప్పుపీపా పెట్టుకొను అక్కర లేదు.

ఊరికి పైగా, ద్రాక్షతోటల నడుమ సెయింట్ నికొలస్ గుడి యున్నది. ఆయన నావికుల దైవము. ఏటేట డిసెంబరు 6వ తేదీన, పనికిరాని ముసలి కొయ్యపడవ నొకదానిని కొండపైకి మోసికొనిపోయి గుడియెదుట కాల్చుదురు. మేము వేసవిలో పోయినందున ఆ మంటను చూడలేదు. నల్లబడిన రాతినేలను మాత్రము చూచి, దిగివచ్చి, త్రాడు విప్పుకొని పోయితిమి. మేము కదలకముందే మా చోటు కొరకు మరియొక నావ వెనుక వేచియుండెను.