దేహభారము – తూనిక – కాలము



శరీరభారము తగ్గవలెనని వైద్యుడు చెప్పిన పిదప పది దినములు పథ్యముండి, పదునొకండవనాడు తూనికయంత్రము నెక్కి, అందలి ముల్లు కదలకుండుట చూచి, "ఇది నావలన కా"దని విడిచిపెట్టినవారిని మా ఇబ్రహీంపట్నములో పలువురను చూచితిని. వారిలో నేనును ఒకడను. ముప్పది యేండ్లు పిల్లలకు ఓర్పుగుఱించి పాఠములు చెప్పినవాడను పది దినములు ఓర్వలేకపోతినే యని సిగ్గుపడి, ఈ ముల్లునకు మానవు డింతగా లోబడుట ఎన్నడు మొదలైనదో తెలిసికొనగోరి కొంత చదివితిని. ఆ చదివినదే నేడు మీతో ముచ్చటించెదను.

పూర్వము మన దేశమున మనుష్యుని తూచుట దానముకొఱకే. మత్స్యపురాణమున చెప్పబడిన షోడశమహాదానములలో తులాపురుషదానము మొదటిది. రాజు త్రాసున ఒకతట్ట కూర్చుండగా రెండవతట్ట బంగారము పోసి పంచిపెట్టెడివారు. మొగలుచక్రవర్తులును పుట్టినదినమున ఇట్లే తూగుచుండిరి. ఆనాడు రాజుగారి దేహము చిక్కిపోయినచో నష్టము పురోహితులది!

అంతమాత్రమున మన పూర్వులు స్థౌల్యమును మెచ్చిరని తలపరాదు. చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయము నిందితులైన ఎనమండ్ర శరీరములను పేర్కొనును. అతిస్థూలుడును అతికృశుడును వారిలోనివారే. ఈ ఇద్దఱిలో చిక్కినవాడే కొంత మేలనియు, స్థూలునకు చికిత్స చేయుట కష్టతరమనియు ఆచార్యుని మతము. స్థూలుని జఠరాగ్ని ప్రబలముగా నుండును, తిన్నది వేగముగా జీర్ణమై మఱల ఆకలి పుట్టును గదా! చరకుడు యవలు, తేనె, జాగరణము, వ్యాయామము మొదలైనవి చెప్పి, వానిని "క్రమేణ" పెంచుకొమ్మనెను. నే నెన్నిమాఱులు ఈ అధ్యాయమును చదివితినో! ఆ చిన్నపదముపై ఒక్కమాఱైనను దృష్టి నిలుపలేదు. అదే స్థానమున ఏడవ అధ్యాయమున చెడ్డ అలవాటును నాలుగవవంతు చొప్పున, నడుమ నడుమ వ్యవధి యిచ్చి విడువవలెనని విధి కలదు. ఒక్కపూటలో సర్వమును త్యజించుట ఆయన కోరిన మార్గము కాదు.

ఆరోగ్యముకొఱకు దేహమును తూచినవారిలో ప్రసిద్ధుడు ఇటలీదేశమున పాడువా విద్యాపీఠమున ఆచార్యుడగు సాంటోరియో. ఇతడు త్రాసునకు కుర్చీ వ్రేలాడగట్టి, అందే కూర్చుండి భుజించుచు, సుమారు ముప్పది సంవత్సరములు తన్ను తాను తూచుకొనెను. 1614లో గ్రంథమును ప్రకటించెను. ఒక దినమున ఎనిమిది పౌండ్ల అన్నపానీయములు లోనికిపోయినచో, అందు అయిదు పౌండ్లవఱకు కంటికి కానరాని ఆవిరిగా పోవునని అతని లెక్క. అనగా దేహభారము ఉదయమునకొకటి, సాయంకాలమునకొకటి. ఈ సంగతి ఎఱుగక మనము నిన్నటి అంకెను నేటి అంకెతో పోల్చి దుఃఖించుచున్నాము.

ఇక నా మనస్సునకు మిక్కిలి నచ్చిన కథ లండనునగరవాసి విలియం బాంటింగుది. ప్రభువుల అంత్యక్రియలకు వలయు సామగ్రి సమకూర్చుట ఇతని కులవృత్తి. అఱువది దాటిన ప్రాయమున మేడమెట్లు దిగవలసినచో వెనుకకు తిరిగి మెల్లగా దిగెడివాడు. చెప్పుల త్రాళ్లు తాను ముడివైచుకొనలేకపోయెను. ఉదయమున రెండేసి గంటలు పడవ నడపగా ఆకలి మాత్రము హెచ్చెను! ఆవిరిస్నానములు పెక్కు చేసినను లాభము స్వల్పమే. తుదకు చెవుడు వచ్చుచున్నదని హార్వీ యను కర్ణవైద్యునికడకు పోగా, ఆయన రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంపలు మానుమనెను. మాంసమును ద్రాక్షసారాయమును మాత్రము ఉండనిచ్చెను. ఆ భోజనము మనకు పథ్యము కాదు, దానిని నేను ప్రశంసించుట లేదు. అతడు వ్రాసిపెట్టిన పట్టికయే నాకు ముఖ్యము.

1862 ఆగస్టు 26వ తేదీన అతని తూనిక 202 పౌండ్లు, అనగా మన పాతలెక్కను ఎనిమిది మణుగులకు పైమాట. సెప్టెంబరు 7వ తేదీకి 200. పండ్రెండు దినములకు రెండే పౌండ్లు! తరువాత సుమారు మూడేసి వారములకొకమాఱు తూచుకొనెను. ఎన్నడును ఒక్కమాఱుగా నాలుగు పౌండ్లకు మించి తగ్గలేదు. డిసెంబరు 24 మొదలు మార్చి 18 వఱకు పండ్రెండు వారములు, తూచినప్పుడెల్ల రెండే రెండు పౌండ్లు. అయినను మానలేదు. 1863 సెప్టెంబరు 12 నాటికి 156. మొత్తము తగ్గినది 46 పౌండ్లు, మన సుమారు పదునైదు వీశెలు. దినమునకెంతయని లెక్కించితిని. సుమారు 55 గ్రాములు, అయిదు తులములకైనను నిండదు. ఒక్క గ్లాసు మంచినీరు త్రాగినచో దానికి మూడునాలుగురెట్లు ముల్లు కదలును. ఇక దినదినము యంత్రమునెక్కి ఆ అయిదు తులములను ఎట్లు కనిపెట్టగలము?

బాంటింగు తన కథను 1863లో చిన్నపుస్తకముగ అచ్చువేసి మొదట ఉచితముగ పంచెను. అతని పేరే ఆంగ్లమున పథ్యముచేయుటకు క్రియాపదమైనది. 1878లో, ఎనుబది దాటిన పిదప, మరణించెను.

మన తెలుగువారును ఈ విషయమున వెనుకబడలేదు. జర్మనుదేశస్థుడగు లూయీ కూనే ప్రకృతిచికిత్సాగ్రంథమును డి. వేంకటచలపతిశర్మగారు 1894లో తెనిగించిరి. దేశమున ఆ ఉద్యమమునకు అదియే ఆరంభమని చెప్పుదురు. నేడు మా యూరికి ఆవలియొడ్డున, కరకట్టవెంబడి, మంతెన సత్యనారాయణరాజుగారి ఆరోగ్యాలయము కలదు. విజయవాడ ప్రాంతముననే వీరమాచనేని రామకృష్ణగారు పిండిపదార్థములను మిక్కిలి తగ్గించి కొవ్వులపై ఆధారపడు పద్ధతిని ప్రచారముచేసిరి. వైద్యులలో దానిపై భిన్నాభిప్రాయములు కలవు. వీనిలో ఏది మేలో తేల్చుటకు నేను వైద్యుడను కాను.

అయితే ఏ పద్ధతియందైనను మొదటివారముల మోసమొకటి కలదు. మనము తిన్న అన్నములో కొంతభాగము గ్లైకోజెన్ అను రూపమున కాలేయమునందును కండరములయందును నిలువయుండును. దానినంటి మూడురెట్ల నీరుండును. అన్నము తగ్గించినంతనే ఈ నిలువ కరగి, నీరు వెడలి, కొందఱికి తొలివారమున రెండుమూడు కిలోలు దిగును. వారు ఉబ్బిపోవుదురు. ఆపై ముల్లు నిలిచిపోగా క్రుంగిపోవుదురు. మఱికొందఱు క్రొత్తగా వ్యాయామముచేయుటచేతనో, ఉప్పు హెచ్చుటచేతనో నీరు నిలిచి, కొవ్వు తగ్గుచున్నను తగ్గనట్లే కనబడుదురు. ఒక కిలో కొవ్వునందు సుమారు 7,700 కిలోకేలరీలు కలవు. దినమునకు 250 మాత్రము, అనగా సుమారు 200 గ్రాముల అన్నము, తగ్గించినవానికి ఒక కిలో కరగుటకు నెల పట్టును. దేహము తేలికయైనకొలది దాని వ్యయమును తగ్గును గనుక పోనుపోను వేగము మఱింత మందగించును.

మన పొరుగున చెన్నపట్టణమున జరిగిన పరిశోధన యొకటి మఱింత విచిత్రము. మధుమేహమునకు చేరువనున్న 531 మందిని రామచంద్రన్‌గారును వారి సహచరులును సుమారు మూడేండ్లు పరిశీలించి 2006లో ప్రకటించిరి. ఏ సాయమును లేనివారిలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చినది. దినమునకు అరగంట నడక, మితాహారము పాటించినవారిలో 39 మందికే వచ్చినది. వారి బరువు చెప్పుకొనదగినంత తగ్గలేదు! ముల్లు చూపకున్నను లోపల మేలు జరిగినదన్నమాట. కృష్ణకు 1855లో ఆనకట్ట కట్టినది మొదలు వరియన్నమే జీవనమైన మన డెల్టాలో, ప్రతి వీధిలోను చక్కెరవ్యాధిగలవా రున్న ఈ దినములలో, ఈ లెక్క నాకు నిద్ర పట్టనీయలేదు. ఇప్పటికే ఆ వ్యాధికి మందులు వాడువారు మాత్రము వైద్యునికి చెప్పకుండ అన్నము తగ్గింపరాదు, చక్కెర మితిమీఱి పడిపోవు ప్రమాదము కలదు.

నేను రెండవమాఱు ఆరంభించినప్పుడు యంత్రమును బీరువాపై పెట్టించితిని. నెలకొకమాఱు, ఉదయమున, ఏమియు తినకమునుపు, దానిని దింపి చూచుట నియమము. రాత్రి అన్నమును నాలుగవవంతు చొప్పున తగ్గించి, గోదావరీజలము 2015లో కృష్ణను కలిసిన ఆ పవిత్రసంగమఘట్టమువఱకు నడచుచున్నాను. మొదటినెల తిరుగగా యంత్రము అఱకిలో మాత్రమే చూపినది. కాని బాంటింగు నడుము పండ్రెండంగుళములకు పైగా తగ్గెనని చదివియుంటిని గనుక నా మొలత్రాటిని తడవి చూచుకొంటిని. ముడి ఒక వ్రేలెడు వదులైనది. నా భార్య దానిని విప్పి బిగించి కట్టుకొమ్మనెను. నేను కట్టుకొనలేదు, ఇంకొక నెల చూతమంటిని.