ఒకే తీగ మీద ఎన్ని మాటలు? కుప్పం రైలు నుంచి మన బోరు స్టార్టర్ దాకా

కొంచెం పొడుగు పోస్టు ఇది, తీరిక చేసుకొని చదవండి. హాస్టల్లో ఎలక్ట్రానిక్స్ చదివే మేం నలుగురం కలిసి రాశాం.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు మన తాండాల్లో, ఎరుకల కాలనీల్లో బోరు ఉన్నవాళ్లు కొందరు స్టార్టర్ పక్కన సిమ్ వేసిన చిన్న డబ్బా పెట్టించుకున్నారు. ఇంటి నుంచి ఫోన్ చేసి ఒక అంకె నొక్కితే మోటారు ఆన్, ఇంకో అంకె నొక్కితే ఆఫ్. రాత్రి కరెంటు వచ్చినప్పుడు టార్చిలైటు పట్టుకొని పాముల్లో పడి పోయే పని తప్పింది. అదేదో నిన్న మొన్న వచ్చిన మాయ అనుకుంటాం గానీ, దాని వెనకాల నూట యాభై ఏళ్లకు పైబడిన కథ ఉంది. ఆ కథ ఒక పుస్తకంలో ఉంటుంది, మన తాతల కథ ఇంకో పుస్తకంలో ఉంటుంది. రెండూ నడిచింది మాత్రం ఒకే దారిలో.

ముందు తీగ సంగతి. కరెంటు పోవడానికి ఒక తీగ, తిరిగి రావడానికి ఇంకో తీగ కావాలి కదా. 1839లో కలకత్తాలో ఓషాగ్నెసీ అనే డాక్టరు టెలిగ్రాఫ్ ప్రయోగాలు చేస్తూ, తిరుగు దారికి నది నీళ్లనే వాడి చూశాడు. నేలలో ఎర్తు చేసినా అంతే, భూమే రెండో తీగ అవుతుంది. అంటే ఒక్క తీగ లాగితే చాలు. 1855లో టెలిగ్రాఫ్ మామూలు జనానికి కూడా తెరిచారు.

1864లో జోలార్‌పేట నుంచి కుప్పం మీదుగా బెంగళూరుకి రైలు వచ్చింది. తర్వాత పాకాల–ధర్మవరం మీటరు గేజి లైను మదనపల్లె రోడ్డు స్టేషను మీదుగా పోయింది. (పుంగనూరుకి ఇప్పటికీ రైలు లేదు, ఆ బాధ వేరే పోస్టులో.) సింగిల్ లైన్ అంటే పోయే బండికీ వచ్చే బండికీ అదే పట్టా. రెండు స్టేషన్లు మాట్లాడుకోకపోతే బండ్లు ఎదురెదురుగా గుద్దుకుంటాయి. దానికి బ్లాకు పరికరాలు వచ్చాయి. స్టేషను మాస్టరు గంట మీట నొక్కితే అవతలి స్టేషన్లో గంట మోగుతుంది. అసలు తెలివి ఆ లెక్కలో ఉంది. ఒక్క దెబ్బ అంటే ‘ఇటు చూడు’. రెండు అంటే ‘లైన్ ఖాళీనా?’ మూడు అంటే ‘బండి బయల్దేరింది’. నాలుగు అంటే ‘బండి చేరింది’. ఆరు అంటే ప్రమాదం. అదే తీగ, అదే కరెంటు, కానీ లెక్క మారితే అర్థం మారుతుంది. అవతలివాళ్లు ఒప్పుకుంటేనే పెట్టెలోంచి టోకెన్ బయటికొస్తుంది, టోకెన్ చేతికి రాకుండా డ్రైవరు బండి కదిలించడు. ఇప్పుడు మనం ల్యాబులో ‘పల్స్ కౌంటింగ్’ అని రాసుకునేది ఇదే.

ఇప్పుడు రెండో పుస్తకం. ఆ పట్టాలు రాకముందు ఈ ఘాట్లలో సరుకు మోసింది ఎవరు? సుగాలీలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోశారు. 1791లో కార్న్‌వాలిస్ సైన్యం మొగిలి కనుమ ఎక్కి బెంగళూరు మీదికి పోయిన యుద్ధంలో, ఆ సైన్యానికి గింజలు తెచ్చి పోసింది బంజారాలే. ఎరుకలవాళ్లు సముద్రం వైపు నుంచి ఉప్పు తెచ్చి పల్లెల్లో ధాన్యానికి మార్చేవాళ్లు. రైలు వచ్చాక ఆ బేరం పోయింది. ఎద్దులు మోసే నెల రోజుల దారిని బండి రోజుల్లో ముగించింది, ధర కబురు దానికంటే ముందే తీగ మీద పోయింది. బేరం పోయినా తిరుగుడు ఒక్కసారిగా ఆగదు కదా. తిరిగేవాడంటే సర్కారుకి అనుమానం. 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చారు, 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవాళ్లని అందులో చేర్చి వేలిముద్రలు తీసుకున్నారు, పోలీసుల ముందు హాజరు వేయించారు. 1952లో గానీ ఆ చట్టం దేశమంతా పోలేదు. ఎడిసన్ పాఠం చెప్పే పుస్తకంలో ఇది ఉండదు. ఉండాలని మా వాదన.

ఎడిసన్ అంటే గుర్తొచ్చింది. తీగకీ స్తంభాలకీ బోలెడు ఖర్చు, అందుకే ఉన్న తీగ మీదే ఇంకా వార్తలు ఎక్కించాలని కంపెనీల తాపత్రయం. 1874లో ఆయన ఒక్క తీగ మీద నాలుగు వార్తలు పంపాడు. కరెంటు ఏ దిక్కుకి పారుతుందన్నది ఒక వార్త, ఎంత బలంగా పారుతుందన్నది ఇంకో వార్త. ఆ కొస నుంచీ అలాగే రెండు. అదే కాలంలో ఫ్రాన్సులో బొదో వేరేగా ఆలోచించాడు: తీగని నలుగురికీ వంతులవారీగా ఇవ్వడం. మన హాస్టల్ కుళాయి దగ్గర లైను లాగే, ఒకరి తర్వాత ఒకరు. కాకపోతే అక్కడ వంతు ఎంత వేగంగా తిరుగుతుందంటే, ఎవరికి వారికి తీగ మొత్తం తనదే అనిపిస్తుంది.

మూడో దారి స్వరాలది, మన డబ్బాలో ఉన్నది అదే. 1963లో అమెరికాలో బెల్ కంపెనీ మీటల ఫోన్ తెచ్చింది. మీటల నాలుగు అడ్డు వరసలకి 697, 770, 852, 941 హెర్ట్జ్ స్వరాలు, మూడు నిలువు వరసలకి 1209, 1336, 1477. ఏ మీట నొక్కినా ఒక అడ్డు స్వరం, ఒక నిలువు స్వరం జంటగా మోగుతాయి. ఒకటి నొక్కితే 697తో 1209. ఏడు స్వరాలతో పన్నెండు మీటలు. జంట ఎందుకంటారా? ఒక్క స్వరమే ఐతే మనిషి గొంతులోనో ఈలలోనో అది పొరపాటున పలికేయొచ్చు. సరిగ్గా ఆ రెండూ కలిసి పలకడం అరుదు. పొలంలో ఎవరో ఫోన్లో నవ్వితే మోటారు ఆన్ కాకూడదు కదా!

ఈ పద్ధతిలో నడిచే డబ్బాలో ఎంటీ8870 లాంటి చిప్పు ఒకటి ఉంటుంది. అది జంటని పట్టుకొని ఏ అంకో నాలుగు బిట్లలో చెప్తుంది, ఆ బిట్లు రిలేని కదిలిస్తాయి, రిలే స్టార్టర్‌ని లాగుతుంది. అంతే. ఎలక్ట్రానిక్స్ మనకి కష్టం, ఐటీఐలో వైరింగ్ నేర్చుకుంటే చాలు అనే తమ్ముళ్లు పాత సర్క్యూట్ బోర్డు ఒకటి తెచ్చుకుంటే హాస్టల్లో మాతో కూర్చొని విప్పి చూడొచ్చు.

ఇంకో పని కూడా ఉంది. పండక్కి ఊరికి పోయినప్పుడు ముసలివాళ్లని అడగండి: ఎద్దుల మీద ఉప్పు మోసిన దారులు ఏ ఏ ఊళ్ల మీదుగా పోయేవి, ఎక్కడ మజిలీ చేసేవాళ్లు, దూరంగా ఉన్న మందకి కబురు ఎట్లా పంపేవాళ్లు. విన్నది విన్నట్టు కింద రాయండి. మేం ఒక్కో ఊరూ మ్యాపు మీద గుర్తు పెడతాం.