ఏడ్చే గొంతు చంపే గొంతయిన వైనం

ఐర్లండ్ జానపదుల నమ్మకంలో బాన్‌షీ ఎవరినీ చంపదు. ఆ మాటకు ‘దిబ్బలోని స్త్రీ’ అని అర్థం. కొన్ని పాత వంశాల్లో చావు దగ్గరపడితే ముందుగా ఏడ్చి కబురు చెబుతుంది, అంతే.

అక్కడ శవం పక్కన రాగం తీసి శోకాలు పెట్టిన నిజమైన స్త్రీలూ ఉన్నారు. పోయినవాడి మంచితనం, అతనికి జరిగిన అన్యాయం, బతికున్నవాళ్ల మీద కోపం అన్నీ ఆ పాటలో పలికేవి. 1773లో సైనికులు కాల్చి చంపిన భర్త కోసం ఎలీన్ ఓకానెల్ పాడిన శోకగీతం, అతన్ని చంపించిన మోరిస్‌ను పేరు పెట్టి శపిస్తుంది. చర్చి 17వ శతాబ్దంలోనే ఇలాంటి శోకాలను అణచాలని చూసింది.

1974లో అమెరికాలో ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ వచ్చింది. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక పాత్రగా కథ నడిపే ఆట అది. 1977 నాటి దాని రాక్షసుల పుస్తకంలో బాన్‌షీ ఒక దుష్ట స్త్రీ ప్రేతం. పాచిక కాపాడకపోతే ఆమె ఏడుపు విన్నవాళ్లకు చావే. 2014 నాటి పుస్తకం ఆమె నేరమేమిటో కూడా చెప్పింది: తన అందాన్ని లోకాన్ని సంతోషపెట్టడానికి వాడకపోవడం!

చావు కబురు చెప్పిన గొంతే చావుకు కారణమైంది. ఆమెను ఏడిపించిన మోరిస్‌లు మాత్రం ఈ ఆటలో ఎక్కడా లేరు. స్త్రీల శోకాన్ని సాహిత్యంగా చదవాలంటే ముందు వాళ్లను వెతకాలి.